పసుప్పచ్చ గొట్టం

తమ్ముడూ,
బాత్రూమ్ గడియ తీశాక ముందు చెప్పులేసుకో. నువ్వు కుర్చీ విసిరి పగలగొట్టిన అద్దం ముక్కలు హాలంతా ఉన్నాయి. ఊడిన నీ పన్ను ఫ్రిజ్‌లో, పాలు పోసిన చిన్న గ్లాసులో వేశాను. గంటలోపు తీసుకెళ్తే వీధి చివరి పళ్ల డాక్టరు మళ్లీ అతికిస్తాడట. ఆ పాలతో కాఫీ పెట్టుకునేవు, జాగ్రత్త!

డైవింగ్‌లో బరువు కోసం నడుముకి కట్టుకునే సీసం బెల్టుతో మూతి మీద కొట్టినందుకు సారీ చెప్పను. నువ్వు మెలిపెట్టిన నా మణికట్టు వాచిపోయి వాచీ పట్టట్లేదు.

ఆ దీవి దగ్గర డైవింగ్‌కి రోజుకి ఇరవై మందికే పర్మిట్. రెండేళ్లుగా ఇద్దరం దరఖాస్తు పెడుతుంటే ఈసారి నాకొక్కదానికే వచ్చింది. వెయిటింగ్‌లో మొదటి పేరు నీది. రేవు దగ్గర తనిఖీలో నా గాలి గొట్టం లీకైతే నన్ను వెనక్కి పంపి నిన్ను పిలుస్తారనుకున్నావు. బయల్దేరే ముందు గొట్టాలన్నీ బకెట్లో ముంచి చూస్తానని ఎలా మర్చిపోయావురా? బుడగలు బుసబుసా పొంగాయి. కూరల కత్తి గాటు నాకు తెలియదా? లోపల దూరి బతికిపోయావు, లేకపోతే రెండో పన్ను కూడా ఆ గ్లాసులోనే ఉండేది.

గొట్టం మార్చుకున్నాను. పడవకి టైమైంది.
అక్క

ఇంకో మాట. కంగారులో చూసుకోలేదేమో, నేను పీల్చేది నల్ల గొట్టం. నువ్వు కోసింది పసుప్పచ్చది. నీళ్లడుగున నీ గాలి అయిపోతే నీ నోటికి అందించడానికే దాన్ని ఇన్నేళ్లూ మోశాను.