మన తరఫున పాడే అబ్బాయి

బుల్లీ,

నేను కులాసా, దుకాణం కులాసా, నువ్వూ నీ కళ్లజోళ్ల షాపూ కులాసాగా ఉండాలి. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావని తెలుసు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు. ఉత్తరంలో అయితే చివరిదాకా నాదే రాజ్యం.

సంగతేంటంటే, మన రాజుగారి కుర్చీ విరిగింది. నాటకాల మాస్టారు ఎప్పట్లాగే మన దుకాణంలో వేషాలూ కిరీటాలూ, వాటితోపాటు ఆ కుర్చీ అద్దెకి తీసుకెళ్లారు. స్టేజి మీద రాజు వేషగాడు "నన్నీ ఆసనం మీంచి దింపే మొనగాడెవడు?" అని తొడగొట్టాడట. మొనగాడెవడూ రానక్కర్లేకపోయింది. కుర్చీ కాలే ఆ పని చేసింది. హాలంతా ఈలలు, చప్పట్లు. విషాద నాటకమే తల్లీ అది!

మర్నాడు మాస్టారు ఆ ముక్కల్ని గోనెసంచిలో తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, తలైనా ఎత్తకుండా వెళ్లిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఇటు రావడమే మానేశారు. పుచ్చిన కుర్చీ అంటగట్టి పరువు తీశానని మనసులో పెట్టుకున్నారు. ఇన్నాళ్లూ ఈ దుకాణం నిలబడిందే ఆయన నాటకాల మీద.

ఏదో ఆన్‌లైన్ వేలంలో మూతపడ్డ నాటక కంపెనీ సింహాసనం ఉందని ఫొటో పంపావే, చేతులకి సింహం తలలున్నది, అది నాకు కావాలి. అది వచ్చిందని తెలిస్తే ఆయనే వస్తారు. పన్నెండు వేల దాకా పాడు.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క. సింహాలకి పళ్లున్నాయేమో చూడు. బోసినోటి సింహాలైతే పదకొండు చాలు.

*

అత్తయ్యకి నమస్కారాలు.

పళ్లన్నీ ఉన్నాయి. ఒక సింహానికి ముక్కు మాత్రం కాస్త అరిగింది.

వేలం నెలాఖరు దాకా ఉంటుంది. నీ పేరున ఖాతా తెరిచాను. మనం దాని ముందు కాపలా కూర్చోనక్కర్లేదు. ఆ సైట్లో మన తరఫున పాడేవాడు ఒకడుంటాడు, ప్రాక్సీ అంటారు. మన పై హద్దు ఎంతో వాడి చెవిన వేస్తే చాలు. ఎవరైనా మనల్ని దాటితే వాడు వెంటనే ఒక మెట్టు పైకి పాడతాడు. అవసరానికి మించి చిల్లిగవ్వ కూడా పెంచడు. హద్దు దాటడు, విసుక్కోడు, అరవడు. కాబట్టి నీ అసలు హద్దు నిజంగా చెప్పు. నువ్వు పన్నెండు అన్నావంటే మనసులో ఇంకా ఎంతో ఉంటుందని నాకు తెలీదా?

ప్రేమతో,
బుల్లి

తా.క. ప్రస్తుతానికి పన్నెండే చెప్పాను. చెప్పిన క్షణంలోనే "చివరి వరస" అని మారుపేరు పెట్టుకున్న ఎవరో మనల్ని దాటేశారు.

*

బుల్లీ,

నువ్వు పెరిగావే గానీ బేరం నేర్చుకోలేదు. పాడేవాడికి అసలు హద్దు ఎవరైనా చెబుతారా? కొట్టుకి పంపే కుర్రాడి చేతిలో ఇరవై పెట్టి, పదికే తెమ్మంటే, పదికి తెస్తాడా? పద్ధెనిమిదికి తెచ్చి "గీచిగీచి బేరమాడా" అంటాడు. పదమూడు అని చెప్పు. అవతలివాళ్లు దాటితే, కాసేపు ఆగి, నిట్టూర్చి, పదమూడున్నర అని చెప్పు. నిట్టూర్పు ముఖ్యం.

అయినా ఆ అబ్బాయిని తప్పుపట్టడం లేదు. ముక్కూమొహం తెలియని నా కోసం అంత ఓపిగ్గా పాడుతున్నాడంటే మంచి పెంపకమే. ఉత్త చేతులతో పని చేయించుకోవడం నాకు ఇష్టం ఉండదు. మంత్రి వేషానికి కుట్టగా మిగిలిన నీలం బట్ట ఉంది, చొక్కా కుడతాను. ఛాతీ కొలత, కాలరు కొలత కనుక్కుని రాయి.

అత్తయ్య

తా.క. పెళ్లయిందేమో కూడా కనుక్కో. విసుక్కోడు, అరవడు, గీసిన గీత దాటడు అని నువ్వే రాశావు. అలాంటివాణ్ని వేలం పాటకి వదిలేస్తామా?

*

అత్తయ్యా,

నీ ఉత్తరం షాపులో విప్పడం నా తప్పు. నవ్వు ఆపుకోలేక, కళ్లు చూపించుకోడానికి వచ్చిన పెద్దాయనకి అక్షరాల అట్ట తలకిందులుగా పెట్టాను. ఆయన పాపం గడగడా చదివేశారు కూడా.

అతనికి ఛాతీ లేదు. కాలరూ లేదు. అతనే లేడు. ప్రాక్సీ అంటే మనిషి కాదు, యంత్రం. కంప్యూటర్ తనంతట తాను పాడుతుంది. నిట్టూరిస్తే దానికి వినపడదు.

పదమూడు చెప్పాను, దాటేశారు. పదమూడున్నర చెప్పాను, దాటేశారు. అవతల కూడా యంత్రమే పాడుతోంది. వాళ్లు తమ హద్దు ముందే నిజం చెప్పేసి హాయిగా ఉన్నారు. నువ్వూ చెప్పెయ్.

బుల్లి

తా.క. నీలం చొక్కా నాకు కుట్టు. నాకు ఛాతీ, కాలరు రెండూ ఉన్నాయి.

*

బుల్లీ,

అవతల కూడా యంత్రమే అన్నావు. ఆ యంత్రం వేరే, మన యంత్రం వేరేనా? లేకపోతే రెండు వైపులా పాడేది ఒకటేనా? ఒకటే అయితే ఇదేం న్యాయం? కక్షిదారులిద్దరికీ ఒకే లాయరు! మన చెవి కొరికి, అటు తిరిగి వాళ్ల చెవి కొరుకుతుంది. మనిషైతే మొహం చూసి పసిగట్టేదాన్ని. దీనికి మొహం కూడా లేదాయె.

కానీ ఒక మాట ఒప్పుకుంటాను. నోరు లేనిది గనక బజారులో కూర్చుని నా సంగతులు చెప్పదు. సరే, దుకాణం బోర్డు తిరగ రాయించడానికి దాచుకున్నది ఉంది. బోర్డు మీద "వేషములు" అన్నచోట "వే" రాలిపోయి చాలాకాలమైంది. "షములు అద్దెకు ఇవ్వబడును" అని ఉన్నా జనం వస్తూనే ఉన్నారు. ఇంకో ఏడాది ఆగుతుంది. నాకు మాత్రం ఆ గుమ్మంలో మాస్టారి చెప్పుల చప్పుడు మళ్లీ వినపడాలి.

నా అసలు హద్దు ఈ కవరు లోపలి మడతలో రాశాను. చదివి చింపెయ్.

అత్తయ్య

తా.క. యంత్రానికి చెప్పేటప్పుడు మెల్లగా టైపు చెయ్యి.

*

అత్తయ్యా,

ఇరవై వేలు! మనసులో అంత పెట్టుకుని మొదటి ఉత్తరంలో పన్నెండు అన్నావంటే నీకు దండం పెట్టాలి.

మెల్లగానే టైపు చేశాను. యంత్రం నీ పరువు కాపాడింది. అవతలివాళ్ల హద్దు దాటి ఒక్క మెట్టెక్కి, పదిహేడు దగ్గర ఆగింది. మిగతా మూడు వేల సంగతి దాని కడుపులోనే దాచుకుంది. "చివరి వరస" చప్పుడు లేదు. సింహాలు నీవైపే చూస్తున్నాయి.

బుల్లి

*

బుల్లీ,

ఈ ఉత్తరం చేతికందగానే, ఎవరికి కళ్లజోడు పెడుతున్నా సరే, వదిలేసి పాట వెనక్కి తీసుకో. చెబుతాను విను.

నీ ఉత్తరం చదివిన సంతోషంలో, దుకాణం మధ్యలో సింహాసనం ఎంత చోటు పడుతుందో సుద్దముక్కతో గీసుకున్నాను. చేతులు వచ్చేచోట సింహం తలలు కూడా వేశాను, ముద్దొచ్చాయి. అప్పుడే గుమ్మంలో మాస్టారు.

"మీ మొహం చూసే ధైర్యం లేక రాలేదండీ" అన్నారు. "ఆ కుర్చీ మీ నాన్నగారు చేయించింది. మావాడు ఇద్దరి బరువున్నాడని తెలిసీ ఎక్కించాను. దాని బదులు మీకు ఒక సింహాసనం కొనిద్దామని వేలంలో పాడుతున్నాను. ఉన్నదంతా పెట్టేశాను. ఎవరో రాక్షసుడు, మనసనేది లేనివాడు, మొన్న నన్ను దాటిపోయాడు."

అల్మరా వైపు తిరిగి కిరీటాలు తుడుస్తూ, "వాడికి బుర్ర కూడా లేదేమో లెండి" అన్నాను.

ఆయన సుద్దగీత దగ్గర ఆగి "ఇదేంటండీ?" అన్నారు. "బీరువా పెట్టిద్దామని" అన్నాను. కాసేపు దానివైపే చూసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

నాకోసం ఆయన, ఆయన కోసం నేను, మధ్యలో ఆ యంత్రం! ఆయనే గెలవాలి. ఆయన చేత్తో తెచ్చి ఇచ్చే ముచ్చట ఆయనకి దక్కాలి. తొందరగా!

అత్తయ్య

*

అత్తయ్యా,

పాట వెనక్కి తీసుకున్నాను. చివరి రోజుకి ముందైతే ఒకసారి ఒప్పుకుంటారట, ఒప్పుకున్నారు.

కానీ ఒక చిత్రం జరిగింది. మనం తప్పుకున్నాక మాస్టారి పేరు పైకి రావాలి కదా. రాలేదు. చూస్తే "చివరి వరస", అంటే మాస్టారు, కూడా వెనక్కి తీసుకున్నారు, మనకంటే ముందే! మీరిద్దరూ లేకపోయేసరికి ధర దబ్బున కిందకి జారింది. "కత్తెర" అని మూడో మనిషి ఎవరో మూడు వేలకి సింహాసనం ఎగరేసుకుపోయారు. వేలం నిన్నటితో ముగిసింది.

ఏడుస్తున్నావా?

బుల్లి

తా.క. యంత్రం తప్పేం లేదు. దానికి చెప్పినంత చేసింది. మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు, అంతే.

*

బుల్లీ,

ఏడవడం లేదు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాను.

నీ ఉత్తరం తీసుకుని నేనే మాస్టారి ఇంటికి వెళ్లాను. "ఎందుకు తప్పుకున్నారండీ?" అని అడిగితే, "బీరువాకి సింహం తలలుంటాయాండీ?" అన్నారు. గీత చూడగానే రాక్షసుడెవరో అర్థమై, ఇంటికెళ్లగానే పాట మానుకున్నారట, నాకు చవగ్గా దక్కాలని. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఒకరినొకరు తిట్టుకున్నాం. మనసు తేలికపడింది. ఇప్పుడు రోజూ సాయంత్రం దుకాణానికి వస్తున్నారు. టీ తాగే వెళ్తున్నారు.

ఇక సింహాసనం. అది ఎక్కడో లేదే, మా పక్క వీధిలోనే దిగింది. "కత్తెర" అంటే కొత్తగా సెలూన్ పెట్టిన ఆయన. పాత కుర్చీ తిప్పితే తిరగడం లేదని దీన్ని కొన్నాడు. ఇదీ తిరగదు, కానీ జుట్టు పెరగనివాళ్లు కూడా కూర్చోడానికి వస్తున్నారు. మేమిద్దరం వెళ్లి మాట్లాడాం. నాటకం రోజుల్లో సింహాసనం మాకిస్తాడు, అద్దె వద్దన్నాడు. రోజూ ఊడ్చి పారేసే జుట్టులో పొడుగ్గా ఉన్నది కూడా నాకే. ఋషుల గడ్డాలకి ఇక కొదవ లేదు. దాచుకున్న డబ్బు చెక్కుచెదరలేదు గనక బోర్డు రాసేవాడికి కబురు పెట్టాను.

నీ చొక్కా కుట్టడం అయింది. వచ్చి తొడుక్కో.

నీ అత్తయ్య

తా.క. సెలూన్ ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. సింహాసనం స్టేజి ఎక్కితే దాంతో తనూ ఎక్కుతానని. మాస్టారు భటుడి వేషం ఇచ్చారు. ఒక్కటే మాట: "శత్రువు చిక్కాడు ప్రభూ, ఏం చెయ్యమంటారు?" పొద్దుణ్నించీ గడ్డాలు గీస్తూ గీస్తూ అదే సాధన చేస్తున్నాడు. సగం గీసిన గడ్డంతో ఇప్పటికి ఇద్దరు పారిపోయారు.