ఉతకని చొక్కా

జూ పెద్దాఫీసరు గారికి,

మీ జూలో బోనుల దగ్గర పనిచేసిన మా అబ్బాయి జ్వరంతో పోయినప్పటి నుంచి వాడు సాకిన సింహం-పులి కలగలుపు పిల్ల మాంసం ముట్టడం లేదని, వాడి వాసన ఉన్న చొక్కా ఒకటి పంపమని కబురు పెట్టారు. పంపుతున్నాను.

మీ మీద నాకు కోపం ఉంది, అది ముందే చెప్పేస్తాను. మగ సింహాన్నీ ఆడ పులినీ చిన్నప్పటి నుంచి ఒకే బోనులో పెంచారు. ఈడొచ్చాయి, విడదీద్దామని మావాడంటే "జాతులు వేరురా, ఏం కాదు" అన్నారట. ఆ మాట మనుషులే వినరు, పులి వింటుందా? తీరా పిల్ల పుట్టాక "నువ్వేం చేస్తున్నావురా" అని వాడినే కేకలేశారు. "నేనేం చేశానండీ, చేసింది సింహం" అన్నాడట. ఇంటికొచ్చి నాతో చెప్పి పడీ పడీ నవ్వాడు.

తల్లి దగ్గరకు రానివ్వకపోతే ఆ పిల్లకు సీసాతో పాలు పట్టింది వాడే. చూడ్డానికొచ్చినవాళ్ళు ఇది సింహమా, పులా అని అడిగితే "మా ఇంటి పిల్లండీ" అనేవాడు. మొహం తండ్రిది, చారలు తల్లివి, ఒళ్ళు మాత్రం ఇద్దరినీ మించేలా ఉంది. అంత ఒళ్ళు తిండి మానేస్తే ఎన్నాళ్ళు నిలుస్తుంది?

చొక్కా ఉతకలేదు. ఉతకనిది ఈ ఒక్కటే మిగిలింది, అందుకని నిలువునా చించి సగమే పంపుతున్నాను. పిసినారిదని అనుకోకండి. రెండో సగం నాకు కావాలి. నాకూ ముద్ద దిగడం లేదు.

అది తిన్న రోజు కబురు పెట్టండి. నేనూ తింటాను.

ఇట్లు,
దాని నాయనమ్మ