మడుగులో తిష్ట వేసిన నాచు

అల్లుడుగారికి,

మీ అత్తగారు దీవించి, ఎవరిచేతా రాయించకుండా తానే రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం, పీతలు తప్ప. సముద్రపు పాయ పక్కన మన పీతల మడుగు మీకు తెలుసుగా, మోకాలి లోతు నీళ్ళు. పది రోజులుగా పచ్చరంగు కలిపినట్టు చిక్కబడ్డాయి. తెల్లారేసరికి పీతలు గట్టెక్కి, బస్సు కోసం చూస్తున్నట్టు కూర్చుంటున్నాయి. నిన్న పదకొండు పోయాయి. సీసాలో నీళ్ళు పంపుతున్నాను. నీళ్ళ పరీక్షలో అంత పెద్ద శాస్త్రవేత్త కదా మీరు, ఏం చెయ్యాలో చెప్పండి.

మీ అత్త

తా.క.: మా చిన్నోడు మీ ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. ఉద్యోగం దొరికేదాకా ఓపిక పట్టండి. వాడసలే తిండి దగ్గర మొహమాటస్తుడు.

~

అత్తయ్యగారికి నమస్కారాలు.

పరీక్ష అయింది. సూటిగా రాస్తున్నాను, నొచ్చుకోకండి. అక్కడ చేరింది సయనోబాక్టీరియా, అంటే నీలి నాచు. మిగతా నాచులకు నత్రజని నీళ్ళలో దొరకాలి. దీనికి అక్కర్లేదు. గాలిలోంచి లాక్కుని కూర్చున్నచోటే బతికేస్తుంది. ఉప్పు తగ్గి, భాస్వరం పెరిగిన చోట తిష్ట వేస్తుంది. పక్కవాటికి వెలుతురు రానివ్వదు, ప్రాణవాయువు మిగల్చదు. తప్పు దానిది కాదు, అతిగా మేపినవాళ్ళది. వెంటనే మేత ఆపండి.

మీ అల్లుడు

తా.క.: మా బావమరిది క్షేమం. ఈమధ్య కాస్త ఒళ్ళు చేశాడు.

~

అల్లుడుగారికి,

మీ ఉత్తరం చదివాక రెండు రోజులు ముద్ద దిగలేదు. నాకు చదువు లేకపోవచ్చు గానీ ఎత్తిపొడుపు తెలియకపోదు. నాచు మీద పెట్టి నా కొడుకుని అన్నారు. గాలి తిని బతుకుతాడట, తిష్ట వేశాడట, వెలుతురు రానివ్వడట. కిటికీకి అడ్డంగా వాడి మంచం వేసింది మీరే. అతిగా మేపిన తల్లిని నేనేలెండి. కానీ మేత ఆపమనడం మనుషుల గురించి అనే మాటేనా?

మీ అత్త (ఇంకా)

తా.క.: పీతలకి మాత్రం రెట్టింపు మేత వేస్తున్నాను. పాపం, అవి ఎవర్నీ ఏమీ అనవు. ఇప్పటికి నలభై పోయాయి.

~

అత్తయ్యగారికి,

నాచు అంటే నాచే. పీతలు తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళి భాస్వరం వదులుతోంది. వానలకి ఉప్పు తగ్గింది. పాయ మూతి ఇసుకతో పూడి సముద్రపు నీళ్ళు లోపలికి రావడం లేదు. దయచేసి పీతల మేత ఆపి, ఇసుక తవ్వించండి.

మీ అల్లుడు

తా.క.: మీ ఉత్తరం మీ అమ్మాయి నాకన్నా ముందు చదివింది. ఆరు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

~

అల్లుడుగారికి,

ఇసుక తవ్వించాం. ఉప్పునీళ్ళు వచ్చాయి, పచ్చదనం విరిగింది, పీతలు గట్టు దిగాయి. మీ చదువుకి దండం పెడతాను. మీ నోటికి మాత్రం పెట్టను. ఎవరి గురించి రాసినా ఆ మాటలు మా వాడి మనసులో గుచ్చుకునే ఉంటాయి. ఆ మాటలన్నవాళ్ళు వాడికి క్షమాపణ రాసివ్వాలి. శుక్రవారం బస్సుకి వాణ్ణి పంపించెయ్యండి.

మీ అత్త

తా.క.: కిటికీ సీటు చూసి ఎక్కించండి.

~

అత్తయ్యగారికి,

వాడు రాలేడు, సెలవు దొరకదు. మూడు నెలలుగా మా పరీక్షాశాలలో నీళ్ళు పరీక్షించేది వాడే. ఉద్యోగం ఖాయమయ్యాక తానే మీకు చెబుతానని, అందాకా నా నోరు కట్టేశాడు. మీ సీసా చూసింది వాడే. తిష్ట వెయ్యడం, అతిగా మేపడం, అన్నీ వాడు చెప్పిన మాటలే. పక్కన కూర్చుని నేను రాసుకున్నాను.

ఇంకొకటి. నేను శాస్త్రవేత్తను కాను. అక్కడ గుమాస్తాను. సంబంధం మాట్లాడేటప్పుడు పరీక్షాశాలలో పనిచేస్తానన్నాను. ఏం పనో మీవాళ్ళెవరూ అడగలేదు.

నిన్నటితో వాడి ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు నాకు పైఅధికారి.

మీ అల్లుడు

తా.క.: మీరు చెప్పినట్టే ఆ మాటలన్నవాడు, తనకు తాను క్షమాపణ రాసుకున్నాడు. ఆఫీసు ముద్ర వేసి జతపరుస్తున్నాను.