రెండో పొయ్యి

నవంబర్ 3, సోమవారం

తమ్ముడు దుర్గేష్ హెల్త్ పాలసీకి సర్కారు సగం ప్రీమియం కట్టేది. ఇక కట్టదని మెసేజ్. పూర్తిగా కట్టే శక్తి మాకు లేదు. గడువు 28. డిసెంబరులో వాడికి గుండె వాల్వ్ ఆపరేషన్. పాలసీ తెగితే, కొత్తది తీసుకున్నా ఈ ఆపరేషన్‌కి మూడేళ్లు ఆగాలట. వాడి గుండె ఆగుతుందా?

కారణం, నా కూతురు బిందుకి ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఉద్యోగం రావడం. రేషన్ కార్డు ఒకటే కనుక దుర్గేష్ కూడా ఉన్నవాడైపోయాడు. మొన్నటిదాకా కార్గోలో పెట్టెలు మోసిన ఉన్నవాడు.

అమ్మ పోయాక కార్డు విడదీద్దామన్నాడు. ఇల్లు చీల్చొద్దని నేనే ఆపాను.

నవంబర్ 6

సాతంరాయి ఆన్‌లైన్ సెంటర్‌లో ఎజాజ్, దుర్గేష్‌కి వేరే కార్డు కోసం అప్లికేషన్ పెట్టాడు. ఎంక్వైరీకి వస్తరు, సర్కారుకు మనుషులతోని పని లేదక్కా, పొయ్యిలు లెక్కవెడ్తది, జర రెండో పొయ్యి చూపియ్యి అన్నాడు.

నవంబర్ 9

మేడ మీద వాడి గదిలో కొత్త స్టవ్ పెట్టాం. అబద్ధపు పొయ్యి. అయినా పాలు పొంగించాను. ఈ వయసులో వేరు కాపురం పెట్టించావు, పెళ్లి మాత్రం మరిచిపోయావక్కా అని నవ్వాడు. రెండు మెట్లెక్కితే ఆయాసం వాడికి.

నవంబర్ 17

ఎవరూ రాలేదు.

నవంబర్ 21, ఉదయం 11

ఎంక్వైరీ ఆయన వచ్చాడు. వీరేందర్ అట. పైన స్టవ్ వెలిగించి చూశాడు. కింద మా వంటింట్లోకీ వస్తానన్నాడు. దుర్గేష్ కంచం అక్కడే ఉంది, అమ్మ వాడి పేరు చెక్కించిన కంచం. ముందే పరుగెత్తి దేవుడి గూట్లో పటాల వెనక పెట్టాను.

ఒక్కతాన తింటరా అమ్మా అని అడిగాడు. లేదన్నాను. పండుగకన్న పిలుస్తరా అన్నాడు. పిలవం అన్నాను. గట్లనే రాస్త మరి అని రాసుకున్నాడు.

యాభై నాలుగేళ్లలో ఎవరినీ శపించలేదు. ఇవాళ శపించాను. ఆయన్ని కాదు, ఆ ప్రశ్న తయారు చేసినవాణ్ని. ఏ గదిలో కూర్చుని రాశాడో! వాడికి అక్క లేదా?

నవంబర్ 28

కార్డు వేరైంది, సబ్సిడీ తిరిగి వచ్చింది. ప్రీమియం కట్టేశాం. ఆపరేషన్ జరుగుతుంది. కానీ సబ్సిడీ మార్చి దాకానే, తర్వాత ఉంటుందో లేదో పైవాళ్లకే తెలియదక్కా అన్నాడు ఎజాజ్. అప్పటిదాకా ఎప్పుడైనా మళ్లీ వచ్చి చూస్తారట.

నవంబర్ 30

వాడు పైన ఒక్కడే తింటున్నాడు.

కంచం ఇంకా పటాల వెనకే ఉంది. పూజలో దానికీ బొట్టు పెట్టాను.