పసుపు చీటీ కింద తారీఖు

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి ఆ డిస్కౌంట్ స్టోర్‌లో అడుగు పెట్టను. రేపు మాట మార్చకుండా రాసి పెట్టుకుంటున్నాను. పెద్ద కంపెనీ తక్కువకు అమ్ముతోందంటే ఎక్కడో ఎవరి పొట్టో కొడుతోందన్నమాట. ఇది నేను కనిపెట్టింది కాదు, నేను పనిచేసే జెరాక్స్ షాపుకు ప్రింటుకొచ్చిన కరపత్రంలో ఉంది. నాకు కాలేజీ అంటే ఆ కరపత్రాలే. వెయ్యి కాపీలు తీసేలోపు కంఠతా వచ్చేస్తాయి.

అమ్మమ్మకు చెప్పాను. సరే, నీ అడుగు నువ్వు పెట్టకు, నా అడుగులు నేను పెట్టుకుంటా, ఆ సంచీ ఇలా పడెయ్యమంది.

మార్చి 5

అమ్మమ్మ తెచ్చిన పెరుగు తిన్నాను. కొన్నది నేను కాదు కదా.

మార్చి 8, శనివారం

అమ్మమ్మకు మోకాలి నొప్పి. సంచీ మోయడానికి వెళ్ళక తప్పలేదు. గుమ్మం బయటే ఉంటానన్నాను. ఎండలో నిలబెడితే నీ విప్లవం వాడిపోతుంది, లోపలికి తగలడమంది.

లోపల అలమరలంటూ పెద్దగా లేవు. అట్టపెట్టెలు పైన కోసేసి అలాగే నేల మీద వరసగా పెట్టేశారు. ఒక ట్యూబులైట్ ఆరుతూ వెలుగుతూ ఉంది. మాకు దొరికిన తోపుడుబండి ఎంత తిప్పినా ఎడమకే పోతోంది. ఆ స్టోర్‌లో నాకు నచ్చింది అదొక్కటే.

సరిగ్గా నాలుగున్నరకు చీటీల అక్క వచ్చింది. నీలం యూనిఫాం, చేతిలో పసుపు చీటీల చుట్ట. గడువు ఆ రోజుతో తీరిపోయే సరుకు మీద సగం ధర చీటీ అంటించడం ఆమె పని. అప్పటికే బిస్కెట్ల వరసలో ఆరేడుగురు ముసలివాళ్ళు ఏవో పేర్లు చదువుతున్నట్టు నిలబడి ఉన్నారు. అక్క పని ముగించి వీపు తిప్పేదాకా ఒక్క చెయ్యి కదలదు. తర్వాత పంపకం. పెద్దమనిషి మా అమ్మమ్మే. పాలు ముందు మనవరాలున్న టైలరమ్మకు. మెత్తటి బ్రెడ్డు గడియారాల తాతకు. తాతకు ఒక్క పన్నూ లేదు. గడియారాలు బాగుచెయ్యడం మానేసి పదేళ్ళయినా నాలుగున్నరకు ఒక్క నిమిషం తేడా రానివ్వడట.

తోపులాట లేదు. అరుపు లేదు. ఏ సంఘంలోనైనా ఇంత క్రమశిక్షణ ఉందా? ఈ మాట అమ్మమ్మతో అనలేదు, నెత్తికెక్కి కూర్చుంటుంది.

మా సరుకు ముట్టని మనవరాలు ఈవిడేనా అని అడిగింది అక్క. సరుకు ముట్టదు, పెరుగు మాత్రం గిన్నె నాకుతుందని చెప్పింది అమ్మమ్మ. అందరి ముందూ.

మార్చి 11, సాయంత్రం 6

నిన్నటి నుంచి అమ్మమ్మ కదల్లేకపోతోంది, అందుకని ఆమె రోజూ సంచీలో మోసుకొచ్చి ఇచ్చే తాత బ్రెడ్డు కూడా నేనే తెచ్చాను. చీటీ ఒక మూల లేచి ఉంటే గోరుతో పీకాను. కింద తారీఖు 14. ఇవాళ 11. పెరుగు డబ్బా కూడా పీకాను. దాని కింద 13.

చీటీ సరిగ్గా తారీఖు మీదే అంటించారు. ఎందుకు? తారీఖు కనపడకుండా. ఎందుకు కనపడకూడదు? మోసం కాబట్టి. పేదవాడంటే కంపెనీకి అంత లోకువ.

తినేదాన్ని గోకి చూడకూడదే అంది అమ్మమ్మ. ఆమెకు చైతన్యం లేదు.

మార్చి 12

నా మొదటి కరపత్రం. "పేదల పళ్ళెంలో దాచిన తారీఖు." రెండు వందల కాపీలు. కొత్త కాగితం ముట్టుకుంటే ఓనరు ఊరుకోడు, అందుకని వెనక పాత బిల్లులు అచ్చయి ఉన్న కాగితం వాడాను. కింద "ఒక వినియోగదారు" అని పెట్టాను. బస్‌స్టాపులో, స్తంభాల మీద, ఏకంగా స్టోర్ తలుపు మీదే అంటించాను.

మార్చి 13

బస్‌స్టాపులో ఒకాయన పైకి చదివాడు, నలుగురు విన్నారు. రోజంతా నేల మీద కాలు ఆనలేదు.

మార్చి 15, శనివారం

నాలుగున్నరకు చీటీల అక్క రాలేదు. మేనేజర్ వచ్చాడు. ఎంత ఉక్కపోసినా టై విప్పడని అమ్మమ్మ వాళ్ళు అతన్ని టై అంటారు. చీటీలు ఆపేశామన్నాడు. ఎవరో కరపత్రం వేశారట. హెడ్ ఆఫీసు వాళ్ళు వచ్చి చీటీలన్నీ పీకి చూశారట. గడువు ఇంకా రెండు మూడు రోజులు ఉండగానే అక్క సగం ధర చీటీ వేస్తోందట. కంపెనీకి నష్టం చేసినందుకు ఇంటి దగ్గర ఉండమన్నారట. ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో తెలియదట.

గడువు ఉండగానే.

బిస్కెట్ల వరసలో నిలబడి వేళ్ళు మడిచాను. పదకొండు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు. అది పాత బ్రెడ్డు కాదు, తాజాది. గడువు తీరే రోజుకు బ్రెడ్డు గట్టిపడుతుంది, తాత నమలలేడు. అందుకని అక్క మూడు రోజుల ముందే చీటీ వేసి, ఆ తారీఖు ఎవరి కంటా పడకుండా దాని మీదే అంటించింది. మోసపోయింది కంపెనీ. నేను పట్టించింది అక్కను.

మోకాలు కాస్త నెమ్మదించి ఇవాళ అమ్మమ్మ కూడా వచ్చింది, ఇంటికొచ్చేటప్పుడు బస్‌స్టాపులో ఆగింది. కళ్ళజోడు తేలేదు, ఆ కాగితంలో ఏముందో చదవమంది. చదివాను. చివరిదాకా చదివించింది. బాగానే రాశారు, పాపం ఆ రాసినవాళ్ళకు కూడికలు నేర్పి తీసివేతలు నేర్పకుండా వదిలేసినట్టున్నారంది.

మార్చి 16

పెరుగు గిన్నె ముట్టలేదు.

మార్చి 17, సోమవారం

అక్క ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తులో ఒకే గది. యూనిఫాం ఉతికి కిటికీకి ఆరేసి ఉంది, రేపు డ్యూటీ ఉన్నట్టు. ఇద్దరు పిల్లలు మంచం మీద హోంవర్కు చేసుకుంటున్నారు. గుమ్మంలోనే చెప్పేశాను, రాసింది నేనని.

తెలుసులే, పేరు లేకపోయినా కాగితం వెనక ఉన్నవి మీ షాపు బిల్లులేగా, పిల్లల కాగితాలు అక్కడే తీయిస్తాను అంది. టై అడిగితే ఏ షాపుదో తెలియదని చెప్పిందట. ఎందుకు చెప్పలేదన్నాను. అప్పుడు తిట్టింది. ఇద్దరి ఉద్యోగాలు పోతే నీ మనసు చల్లబడుతుందా అంది. నీలో ఉన్న మంట పొయ్యిలో పెడితే పదిళ్ళ వంట అవుతుంది, తీసుకొచ్చి చూరుకు అంటిస్తావేమే అంది. పిల్లలు పెన్సిళ్ళు ఆపి విన్నారు. తర్వాత టీ ఇచ్చింది. ఇంత రుచిగా ఉండకుండా ఉంటే బాగుండేది.

మార్చి 18

అక్క తప్పేమీ లేదని వెయ్యి కాపీలతో ఇంకో కరపత్రం వేస్తానన్నాను. ఇంకొక్క కాగితం అచ్చేశావంటే నిన్ను ఆ మెషిన్‌లో పెట్టి మూత వేస్తానంది అమ్మమ్మ. మోకాలికి గుడ్డ చుట్టుకుని ఇంటింటికీ తిరిగొచ్చింది. రేపు నాలుగున్నరకు అందరూ రావాలి, ఎవరూ కళ్ళజోడు తేకూడదట.

మార్చి 19

వచ్చారు. తలా ఒక వస్తువు పట్టుకుని టై ముందు వరసలో నిలబడ్డారు. తారీఖు చదివి పెట్టు బాబూ, కళ్ళు ఆనడం లేదు, మీ తలుపు మీదే కాగితం అంటించారు, భయంగా ఉంది, చీటీల అక్క ఉంటే ఆమెనే అడిగేవాళ్ళమన్నారు. కాదనలేక చదివాడు. చదివింది లోపల పెట్టేసి ఇంకోటి తెచ్చారు. గడియారాల తాత పదకొండు బ్రెడ్లు తెచ్చాడు, ఒక్కొక్కటే. తనకు చెవులు కూడా సరిగ్గా లేవని అప్పుడే గుర్తొచ్చింది ఆయనకు. టైలరమ్మ మనవరాలికి పాలసీసా మూత మీది అంకెలు కూడా చదివి వినిపించాల్సి వచ్చింది. వెనక వరస పెరిగి, మిగతా కొనేవాళ్ళు బండ్లు వదిలేసి వెళ్ళిపోయారు. నా కరపత్రం దేనికైనా పనికొచ్చిందంటే ఇక్కడే.

మార్చి 20

ఇవాళ మేనేజర్ టై వదులు చేశాడు.

మార్చి 21

విప్పేశాడు.

మార్చి 22, శనివారం

ఉదయం ఒక్కదాన్నే మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. కరపత్రం రాసింది నేనని, తప్పు లెక్క వేశానని, అక్క ఎవరినీ మోసం చెయ్యలేదని రాసి, ఈసారి నా పేరు పెట్టి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. మా షాపుకు చెబుతాడనుకున్నాను. ఈ పెద్దవాళ్ళు రోజూ ఇలాగే వస్తారా అని అడిగాడు. వాళ్ళకు వేరే పనేమీ లేదండీ అన్నాను.

హెడ్ ఆఫీసుతో చాలాసేపు ఫోన్‌లో మాట్లాడాడు. సోమవారం అక్క రావచ్చట. ఇకమీదట గడువు రోజునే చీటీ వేస్తానని రాసివ్వాలట. నేను వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి, దయచేసి అందరినీ కళ్ళజోళ్ళు తెచ్చుకోమనమన్నాడు.

మార్చి 24, సోమవారం

అక్క వచ్చింది. రాసిచ్చి సంతకం పెట్టిందట. నాలుగున్నరకు బిస్కెట్ల వరసలో అందరి ముక్కు మీదా కళ్ళజోళ్ళు. నేనూ ఒక బిస్కెట్ ప్యాకెట్ తీసి చదివాను. అక్క నన్ను చూడనట్టే పోయింది. పోతూ పోతూ నా జడ చివర పట్టుకుని ఒక్క లాగు లాగింది.

మార్చి 25

తాత బ్రెడ్డు నా సంచీలో వేశారు. దూదిలా ఉంది. చీటీ సరిగ్గా తారీఖు మీదే ఉంది. గోరు పెట్టలేదు.