మూడో గుమ్మం దుప్పటి

ఆటగాళ్ల అభిప్రాయాల విభాగం వారికి,

నమస్కారం. నేను బాలికల హాస్టల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు వార్డెనుగా పనిచేసి, ఎనిమిది నెలల క్రితం రిటైరయ్యాను. మీరు తయారుచేసిన ‘పాతాళం పెత్తనం’ అనే కంప్యూటర్ ఆట నాకు పోస్టులో వచ్చింది. పంపినవారి పేరు లేదు. నా తోటి ఉద్యోగులెవరో, నోరు పారేసుకోవడానికి మనుషులు దొరక్క ఇబ్బంది పడుతున్నానని జాలిపడి పంపి ఉంటారు. పెట్టెలో “మీ అభిప్రాయం రాయండి” అని ఒక కార్డుంది. అందులో నాలుగు గీతలే ఉన్నాయి. నాలుగు గీతలు నాకు ఏ మూలకు?

నాకు అర్థమైనంతవరకు ఆట ఇది. భూమి కింద ఒక కోట. అందులో మరుగుజ్జు దయ్యాలు, అస్థిపంజరాలు, ఒక డ్రాగన్. పైనుంచి వీరులు కత్తులు పట్టుకుని నిధి కోసం దిగుతుంటారు. పెత్తనం మనది. గదులు తవ్వించి, బలగానికి తిండీ పడకా చూసి, ఉచ్చులు పన్ని వీరులను తరిమికొట్టాలి. వారం రోజులు తనిఖీ చేశాను.

దయ్యాలు పదిహేడు, మంచాలు పదకొండు. మిగతా ఆరూ గోడకు వేలాడాలా? డ్రాగన్ గదిని వంటసరుకుల గదికి ఆనించి కట్టారు. అది తుమ్మితే ఆ పూటకు అందరూ పస్తే. ముక్కూ మొహం తెలియని వీరులు వచ్చిపోతున్నా సందర్శకుల రిజిస్టరు లేదు. ఇక మూడో గుమ్మం దగ్గర కాపలా దయ్యం ఒకటుంది. ఒక చెప్పు విప్పేసి, డాలు మీద నుదురు ఆనించి హాయిగా నిద్రపోతుంది. దానికి ‘కునుకు’ అని పేరు పెట్టాను.

అన్నిటికన్నా పెద్ద లోపం: అది నిద్రపోయిన కాసేపటికి ఎక్కడో గలగలమని చప్పుడవుతుంది, చూస్తే దాని మీద దుప్పటి ఉంటుంది. నా సామాన్ల జాబితాలో ఆ దుప్పటి లేదు. దుప్పటి కప్పమని చెప్పే మీటా లేదు. మరి ఎవరు కప్పుతున్నారు? జవాబు కావాలి.

ఇట్లు,
రిటైర్డు వార్డెన్

తా.క. అస్థిపంజరాలకు కూడా మూడు పూటలా వడ్డిస్తున్నారు. సంతోషం. తిన్నది ఎక్కడికి పోతోంది?

---

పూజ్యులైన వార్డెన్ మేడం గారికి,

నమస్కారాలు. అంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. విభాగం అన్నారు గానీ మేడం, మా కంపెనీ మొత్తం ముగ్గురమే. దర్జీ దుకాణం మీద ఒక గది. కింద కుట్టు మిషను ఆడినప్పుడల్లా మా బల్లలు వణుకుతాయి. బొమ్మలు గీసేది ఒకతను, శబ్దాలు కూర్చేది ఒకావిడ. ఆట అల్లడం, ఉత్తరాలు రాయడం, టీ కాయడం నా పని.

జరిగిన తప్పు: పదిహేడు మందికి పదకొండు మంచాలే వేశాం. జరిగిన కారణం: పదకొండో మంచం దగ్గర బొమ్మలతనికి విసుగొచ్చింది, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. రేపు చేయబోయేది: దగ్గర కూర్చుని మిగతా ఆరూ గీయిస్తాను.

ఆట గురించి చాలా అభిప్రాయాలు వచ్చాయి. మా రాక్షసుల్లో ఒక్కరికీ పలువరస సరిగ్గా లేదని ఒక పళ్ల డాక్టరు రాశారు. డ్రాగన్ మలుపు తిరిగేటప్పుడు వెనక చూసుకోవడం లేదని ఒక బస్సు డ్రైవరు రాశారు. ఒకావిడేమో, “మా ఆయన మీ పుణ్యమా అని భూమి కింద కోట నడపడం నేర్చుకున్నారు, భూమి మీద ఇల్లు మాత్రం ఇంకా నేనే నడుపుతున్నాను” అన్నారు. అందరూ చివాట్లు పెట్టేవాళ్లే గానీ ‘బాగుంది’ అన్నవాళ్లు లేరు.

మీ దగ్గర దాచడం ఎందుకు? కొత్త పెట్టెలు నెలాఖరుకు అచ్చుకు వెళ్లాలి. పెట్టె వెనక ఒక ఆటగాడి మంచి మాట లేకపోతే సరుకు తీసుకోనని పంపిణీదారు ఖరాఖండిగా చెప్పాడు. అదే జరిగితే గది ఖాళీ చేసి ముగ్గురం తలో దారి పట్టాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అందుకని అడుగుతున్నాను. మీకు నచ్చింది ఏదైనా, ఒక్కటంటే ఒక్కటి, ఉంటే రాయగలరా?

దుప్పటి సంగతి విచారణలో ఉంది.

కృతజ్ఞతలతో,
అభిప్రాయాల విభాగం

తా.క. అస్థిపంజరాల భోజనం గురించి ముగ్గురం ఒక పూటంతా ఆలోచించాం. మాకూ తెలియదు.

---

విభాగంలోని ముగ్గురికీ,

ఉత్తరం అందింది. తొమ్మిదో అంతస్తు దాకా దిగాను. ఇప్పుడు నా కోటలో వీరులకు సందర్శన వేళలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు. వేళ కాని వేళ దిగినవాళ్లను జైలు గదిలో కూర్చోబెడుతున్నాను, ఎందుకంటే మీరు వెయిటింగు గది కట్టలేదు. ఇప్పటికి ఇరవై ముగ్గురున్నారు. ఊరికే కూర్చుంటే కాళ్లు చేతులు పట్టేస్తాయని కూరగాయల పని అప్పగించాను. అందరి దగ్గరా కత్తులున్నాయి కదా. ఒకడు అస్తమానం ఇంటివైపు చూస్తుంటే భోజనం మూట కట్టించి పంపేశాను. వెంటనే తెర మీద “మీ పరువు పది పాయింట్లు పోయింది” అని వచ్చింది. ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాణ్ణి ఇంటికి పంపితే పరువు పోవడమేమిటి? ఈ లెక్క వెంటనే సరిచేయండి.

కునుకు ఈ వారం ఐదుసార్లు నిద్రపోయింది. ఇద్దరు వీరులు దాన్ని దాటుకుని వెళ్లారు. పాపం, వాళ్లు కూడా లేపలేదు. ఈ సంగతి మరోసారి మీ దృష్టికి తెస్తున్నాను. దుప్పటి విచారణ ఎంతవరకు వచ్చింది?

మంచి మాట అడిగారు. నా తనిఖీ పుస్తకంలో ‘బాగున్నవి’ అనే గడి లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరికీ రాయలేదు. బాగున్నదాన్ని బాగుందని చెప్పి చెడగొట్టడం ఎందుకు?

ఇట్లు,
రిటైర్డు వార్డెన్

తా.క. డ్రాగన్ తుమ్ముకు మిరియాల కషాయం పట్టించాలని చూశాను. ఆటలో కషాయం లేదు. విషం మాత్రం పద్నాలుగు రకాలుంది. మీ ఇంట్లో వాళ్లు క్షేమమేనా?

---

వార్డెన్ మేడం గారికి,

నమస్కారాలు. మీరు చెప్పినవన్నీ అక్షరాలా సరిచేశాం. మంచాలు పదిహేడు. డ్రాగన్ను పడమటి చివరకు మార్చాం. రిజిస్టరు పెట్టాం, వీరులు సంతకం చేయందే తలుపు తెరుచుకోదు. చదువురాని వీరుల కోసం వేలిముద్ర కూడా పెట్టాం. కషాయం తయారవుతోంది.

కునుకు మీకు బొత్తిగా నచ్చలేదని అర్థమైంది. ప్రతి ఉత్తరంలోనూ దాని మీదే ఫిర్యాదు. అందుకే దాన్ని తీసేశాం. దాని చోట ఎనిమిది కళ్ల కాపలాదారును పెట్టాం. నాలుగు కళ్లు నిద్రపోయినా నాలుగు మెలకువగా ఉంటాయి. దుప్పటి ఇక అవసరం లేదు కాబట్టి విచారణ కూడా మూసేశాం.

సరిచేసిన ఆటను ఈ ఉత్తరంతో పంపుతున్నాను. గడువు ఇంకా ఆరు రోజులే. ఇప్పుడైనా ఒక్క మాట…

కృతజ్ఞతలతో, ఆశతో,
అభిప్రాయాల విభాగం

తా.క. కునుకును తీసేసినప్పటి నుంచి బొమ్మలతను నాతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా చీటీ రాసి పంపుతున్నాడు. మా బల్లల మధ్య దూరం రెండడుగులు.

---

విభాగం వారికి,

ఎవరు తీసేయమన్నారు దాన్ని?

ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది మీ పని. దాని తప్పు రాశాను. నిజమే. రాయకపోతే మీరు దాన్ని పట్టించుకోరని రాశాను! హాస్టల్లో తప్పులు కనబడ్డ గదికే నేను రెండోసారి వెళ్లేదాన్ని. ఏ లోపమూ లేని గదికి తాళం చూసి వచ్చేసేదాన్ని, అంతే. ఏ పిల్ల పేరు నా పుస్తకంలో ఎక్కువసార్లు ఉంటే ఆ పిల్ల గురించి అంత ఎక్కువ ఆలోచించానని అర్థం. ఇంత చిన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికైనా తట్టలేదా?

మీ ఎనిమిది కళ్లది నిద్రపోదు, అలిసిపోదు, దానికి నాతో పనే లేదు. మంచాలు సరిపోయాయి. డ్రాగన్ దూరంగా తుమ్ముతోంది. కోటలో తప్పు ఒక్కటీ లేదు. నిన్న కంప్యూటరు పెట్టి ఐదు నిమిషాలు చూసి కట్టేశాను.

ఇది మీకు చెప్పాల్సిన పని లేదు గానీ చెబుతున్నాను. రిటైరయ్యాక ఎనిమిది నెలలు నాకు పొద్దు గడవలేదు. హాస్టల్లో భోజనం గంట కొట్టే వేళకు ఇంట్లో ఊరికే లేచి నిలబడేదాన్ని. పిలవడానికి ఎవరూ ఉండరు, మళ్లీ కూర్చునేదాన్ని. మీ ఆట వచ్చాక అలా లేచి నిలబడటం మానేశాను. పొద్దున్నే లేచి, ఆ మూడో గుమ్మం దగ్గర అది పడుకుందా లేదా, దాని మీద దుప్పటి ఉందా లేదా చూసుకున్నాకే కాఫీ తాగేదాన్ని.

దాన్ని వెనక్కి తీసుకురండి. దుప్పటితో సహా.

ఇట్లు,
వార్డెన్

తా.క. ఆ ఎనిమిది కళ్లదాన్ని మాత్రం పనిలోంచి తీసేయకండి. దాని తప్పేముంది? సరుకుల గది దగ్గర వేయండి.

---

వార్డెన్ మేడం గారికి,

జరిగిన తప్పు: మీరు శ్రద్ధగా చూస్తున్నదాన్ని, మీకు నచ్చలేదనుకుని తీసేశాను. జరిగిన కారణం: మంచి మాట కోసం ఆత్రపడి, మీ ఉత్తరాలను సరిగ్గా చదవలేదు. రేపు చేయబోయేది: రేపటిదాకా ఆగలేదు మేడం, మీ ఉత్తరం అందిన రోజే చేశాం, జవాబు రాయడమే ఆలస్యమైంది. కునుకు మూడో గుమ్మానికి వచ్చేసింది. చెప్పు, డాలు, దుప్పటి, గలగల అన్నీ ఉన్నాయి. బొమ్మలతను చీటీలు ఆపి నోటితో మాట్లాడుతున్నాడు. మొదటి మాటే తిట్టు. అయినా వినడానికి బాగుంది.

ఇంకో నేరం కూడా ఒప్పుకోవాలి. గడువు రోజు వచ్చేసింది, మంచి మాట లేదు. నిండా మునిగినవాడికి చలేమిటని, మీ మొదటి ఉత్తరాలు పట్టుకుని పంపిణీదారు దగ్గరికి వెళ్లాను. నిలబడే చదివాడు. అస్థిపంజరాల భోజనం దగ్గర కూర్చున్నాడు. వీరుల చేత కూరగాయలు తరిగించిన దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “పెట్టె వెనక ఇవే వెయ్యండి, ఉన్నవి ఉన్నట్టుగా” అన్నాడు. మీ అనుమతి అడగడానికి కూడా వ్యవధి లేకపోయింది, క్షమించండి. పైన “ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం గల వార్డెను ఎత్తి చూపిన లోపాలు” అని శీర్షిక పెట్టాం. మొదటి విడత పెట్టెలన్నీ దుకాణాలకు వెళ్లిపోయాయి. రెండో విడత అచ్చవుతోంది. గది ఖాళీ చేయక్కర్లేదు. ముగ్గురం మీకు జన్మంతా రుణపడి ఉంటాం.

ఇక మంచి మాట అడగను.

కృతజ్ఞతలతో,
అభిప్రాయాల విభాగం

తా.క. పెట్టె చదివి పళ్ల డాక్టరు గారు మళ్లీ రాశారు. రాక్షసుల పళ్ల సంగతి వార్డెను గారి దృష్టికి తెమ్మంటున్నారు.

---

ఆరో నంబరు గది, కిటికీ పక్క మంచం పిల్లకి,

ఆశీస్సులు. ఇన్నాళ్లూ ‘మీరు’ అని రాసింది నువ్వు కంపెనీ పేరు వెనక దాక్కున్నావు కాబట్టి. ఇక చాలు.

ఆ దుప్పటి చూసినప్పుడే నువ్వేమోనని అనుమానం వచ్చింది, నీ మొదటి ఉత్తరంతో రూఢి అయింది. జరిగిన తప్పు, జరిగిన కారణం, రేపు చేయబోయేది. ఈ మూడు మెట్ల క్షమాపణ పుట్టింది నా హాస్టల్లో. బయటివాళ్లు ‘క్షమించండి’ అని ఒక్క ముక్క రాసి, మర్నాడు మళ్లీ అదే తప్పు చేస్తారు. అది చదవగానే, పోస్టులో పేరు లేకుండా పెట్టె పంపిందెవరో కూడా తెలిసిపోయింది. పేరు చెబితే మొహమాటానికి బాగుందంటానని భయపడ్డావు కదూ? నేను మొహమాటపడటం నువ్వెప్పుడు చూశావు?

చదువుల గంటలో చివరి వరసలో, స్తంభం చాటున, ఒక చెప్పు విప్పేసి పుస్తకం మీద నుదురు ఆనించి నిద్రపోయేదానివి. ఏడేళ్లలో నిద్ర మీద నాకు నూట నలభై క్షమాపణలు రాసిచ్చావు. నిద్రపోయిన పిల్లను లేపి నిలబెట్టాలని నిబంధన. రాసిందీ నేనే, బోర్డు మీద అంటించిందీ నేనే. నువ్వు పొద్దున నాలుగింటికే లేచి లెక్కలు చేసుకునేదానివని నాకు తెలుసు. లేపడానికి చేతులు రాలేదు. వార్డెనే దుప్పటి కప్పిందని తెలిస్తే మర్నాటికి అరవై మందీ నిద్రపోతారు. అందుకని ఎవరూ చూడకుండా కప్పి వెళ్లిపోయేదాన్ని. లేచాక “ఎవరు కప్పారు మేడం?” అని నువ్వు అడిగితే, “నాకేం తెలుసు, మడతపెట్టి క్షమాపణ రాయి” అనేదాన్ని.

ఎవరికీ తెలియదనుకున్నాను. నీకు నిద్రలో కూడా నా తాళాలగుత్తి గలగల వినబడేదన్నమాట. ఆ గుత్తిని రిటైరైన రోజు ఆఫీసులో అప్పగించి సంతకం పెట్టి వచ్చేశాను. దాని చప్పుడు మళ్లీ నీ ఆటలో విన్నాను. ఆ రోజు తనిఖీ సగంలో ఆపేసి కాసేపు ఏడ్చాను. దుప్పటి ఎవరు కప్పుతున్నారని మళ్లీ మళ్లీ అడిగింది, నీ నోటితో చెబుతావేమోనని. చెప్పలేదు. సరే, నేనే చెబుతున్నాను. ఆ దుప్పటి నాది. విచారణ ముగించు.

నీకు కృతజ్ఞతలు. ఈ మాట ఎవరికీ రాసి ఎరగను కాబట్టి, ఎలా రాయాలో తెలియక ఇలాగే రాస్తున్నాను. ఆట బాగుంది. చాలా బాగుంది. ఈ ముక్క పెట్టె మీద మాత్రం వేయకు.

ఇట్లు,
నీ వార్డెన్

తా.క. అస్థిపంజరాల భోజనం ఎక్కడికి పోతోందో కనిపెట్టాను. బల్ల కింది నుంచి డ్రాగన్‌కు అందిస్తున్నారు. దాన్ని పడమటి చివరకు మార్చాక కంచాల్లో తిండి అలాగే మిగిలిపోతోంది. నా తనిఖీ పుస్తకంలో ఇది ఇరవయ్యో లోపం. మూడు మెట్ల క్షమాపణ రాసి పట్టుకుని నువ్వే స్వయంగా రా. పోస్టులో పంపితే తీసుకోను.