పేలిక కట్టిన పొట్లకాయ

సత్యవతీ,

నిన్న నీ సంవత్సరీకం అయింది. వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లిపోయారు. నాకు పొద్దుపోవడం లేదని ఇవాళ కోడలు నా ఫోన్‌లో పెరటి మొక్కల యాప్ ఒకటి పెట్టింది. ఎక్కడ ఏ మొక్క వెయ్యాలో అందులో బొమ్మ గీసుకోవచ్చట. వంగ, బెండ, టమాటా దానికి ముందే తెలుసు. పొట్ల తెలియదు.

"మనమే కొత్తగా ఎక్కించుకోవచ్చండి మావయ్యగారూ. పొట్ల ఎప్పుడు పెడతారండి?"

"తొలకరికి," అన్నాను.

పందిరి ఎత్తు అడిగితే, నీ చెయ్యి అందేంత అనబోయి ఆరడుగులన్నాను. తను ఏదో నొక్కగానే ఫోన్‌లో పందిరంతా పచ్చబడింది. బయట వట్టి కర్రలే ఉన్నాయి. ఈ ఏడు పెరట్లోకి ఎవరం దిగలేదు.

"విత్తనాలు ఎక్కడ దాచారండి?" అంది.

వంకర పోకుండా రాయి కట్టిన కాయలు కూరకి, పాత చీర పేలిక కట్టిన కాయ విత్తనానికి. అది నీ పద్ధతి. మీ పుట్టింటి విత్తనాన్ని ఏటా అలాగే నిలిపావు. మంచాన పడే ముందు కూడా ఒక కాయకి పేలిక కట్టావు. నీ పెద్దకర్మకి వచ్చిన వంటవాళ్లకి ఆ సంగతి ఎవరు చెబుతారు? పందిరి మీద ఒక్క కాయ మిగల్చలేదు. నేనూ అందరితో కూర్చుని తిన్నాను. చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే పందిరి కింద ఆ పేలిక పడి ఉంది.

కోడలు ఇంకా నా మొహంకేసే చూస్తోంది.

"తినేశామమ్మా," అన్నాను.